పదమూడు దినార్ల మిఠాయి

డాక్టర్ షుక్రీ ఫోన్ చేసేటప్పటికి రుదైనా కంప్యూటర్ ముందు కూర్చుని నువ్వుల రొట్టె తింటోంది. ఆదివారం పొద్దున్నే ఆయన గొంతు వినబడిందంటే ఏదో ఒక దేశంలో కళ్ల డాక్టర్ల సభ ఉందన్నమాటే. రొట్టె కాగితంలో చుట్టి పక్కన పెట్టి, వేళ్లకంటిన నువ్వులు దులుపుకుని కలం తీసింది.

"ఈసారి ఏ ఊరు డాక్టర్ గారూ?"

"నాకు కాదమ్మాయ్. మా ఇంతిసార్‌కి. ఈ గురువారంతో రిటైరైపోతోంది కదా. ట్యూనిస్‌లో వాళ్లక్క రబీహా ఉంది. వెళ్లి చూడాలని ఏడాదిగా ఒకటే కలవరింత. నా మైళ్లతో టిక్కెట్టిస్తున్నాను. అదీ ముందు క్యాబిన్‌లో! పడుకుని వెళ్లొచ్చు. జన్మలో ఎక్కి ఉండదు."

రుదైనాకి ముచ్చటేసింది. ఇంతిసార్ పిన్ని ఆ భవనంలోనే, మూడో అంతస్తులో డాక్టరు గారి ఆస్పత్రిలో నర్సు. రుదైనా పనిచేసే టిక్కెట్ల ఆఫీసు కింద. అమ్మాన్‌లోని ఆ జబల్ హుసేన్ పేట మొత్తంలో ఆవిడ చేత కంట్లో చుక్కలు వేయించుకోని మనిషి ఉండడు. ఆ చుక్కలు పడితే మంట కూడా పుట్టదని పేరు.

"మంచి కార్డొకటి తయారుచెయ్యి," అన్నాడు డాక్టరు. "బంగారు రంగు అక్షరాలతో. టిక్కెట్టు ఖరీదు కింద పెద్దగా కనబడాలి. ఎంతుంటుందది?"

రుదైనా వెతికి చూసింది. "డబ్బిచ్చి కొంటే పద్దెనిమిది వందల నలభై దినార్లండీ. కానీ మైళ్లతో తీసుకున్నప్పుడు..."

"చూశావా! రెండు లీరాలకన్నా ఎక్కువే. ఆ అంకె వేసెయ్యి. టాక్సులవీ ఏవో కాస్త ఉంటాయి, అవి తను చూసుకుంటుందిలే."

ఖాతా పాస్‌వర్డ్ చెప్పి ఫోన్ పెట్టేశాడు. ఆయనకి ఎప్పుడూ బయట నలుగురు రోగులు కూర్చునే ఉంటారు.

రెండు లీరాల సంగతి ఆ భవనంలో అందరికీ తెలుసు. డాక్టరు గారి తండ్రి నాటి నుంచీ ఆ ఆస్పత్రిలో ఒక ఆనవాయితీ ఉంది. పని విరమించిన వాళ్లకి పదేళ్లకొకటి చొప్పున బంగారు లీరా ఇస్తారు. ఊడ్చే అబూ సైఫ్‌కి ఒకటి వచ్చింది. ఇంతిసార్‌ది ఇరవై నాలుగేళ్ల సర్వీసు, అంటే రెండు. ఆ రెండూ ఏం చెయ్యాలో ఆవిడ ఎప్పుడో తేల్చుకుంది, తేల్చుకున్నది లిఫ్టులో కనబడ్డ ప్రతివాళ్లకీ చెప్పింది కూడా. ఒక లీరాతో ట్యూనిస్ ప్రయాణం. రెండో లీరా అక్క కంట్లో ఇంజెక్షన్లకి. షుగరు వల్ల రబీహా చూపు నెలనెలా తగ్గిపోతోంది. ఇంజెక్షన్లు పడితే ఉన్న చూపు నిలుస్తుంది. పడకపోతే అదీ పోతుంది. ఇరవై నాలుగేళ్లు ఊరివాళ్ల కళ్లు కడిగిన మనిషికి ఆ మాట ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

రుదైనా డాక్టరు గారి ఖాతా తెరిచింది. విమానం ఎక్కినప్పుడల్లా పడిన మైళ్లు లక్షల్లో ఉన్నాయి. వాటి కింద ఎర్రటి అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఈ నెల ముప్పై ఒకటి దాటితే ఇందులో ముప్పాతిక భాగం చెల్లదు.

"ఓహో," అంది రుదైనా పైకే.

తర్వాత ఊరి పేర్లు వేసి చూసింది. టిక్కెట్టు ఉంది. కానీ ఆ కంపెనీ విమానం అమ్మాన్ నుంచి నేరుగా ట్యూనిస్ వెళ్లదు. ముందు తూర్పుకి మూడు గంటలు పోవాలి. గల్ఫ్‌లో ఎనిమిది గంటలు కూర్చోవాలి. మళ్లీ వచ్చిన దారినే అమ్మాన్ నెత్తి మీదుగా పడమటికి ఆరు గంటలు పోవాలి. మైళ్లు ఖాతాలోంచి పోను, టాక్సులూ ఇంధనం రుసుమూ కలిపి కట్టాల్సింది రెండు వందల అరవై ఎనిమిది దినార్లు. "ఏవో కాస్త" అంటే అదీ.

లేచి యజమాని గదిలోకి వెళ్లింది. అబూ నిజార్ మరమియా ఆకు వేసిన టీ తాగుతూ, చదివేసిన పేపరు మళ్లీ చదువుతున్నాడు. ఆయనకి సంగతంతా చెప్పింది.

"డాక్టరు గారికి ఫోన్ చేసి చెప్పనా?" అంది.

"ఆయన నిన్ను కార్డు అడిగాడా, పాఠం చెప్పమన్నాడా?"

"కార్డే అనుకోండి. కానీ ఆ అంకె..."

"ఆ అంకె అబద్ధమా? ఆ సీటు ఆ ధరకి అమ్మట్లేదా?"

"అమ్ముతున్నారు. కొనేవాళ్లు వేరు."

"ఏడాదికి ఆరు సభలకి టిక్కెట్లు మన దగ్గర కొంటాడు తల్లీ ఆయన. బంగారు అక్షరాలు వేసి పంపించు."

రుదైనా కార్డు కొట్టింది. మందపాటి కాగితం మీద, చుట్టూ తీగల అంచు వేసి, కింద 1840 అని. అంకె అందంగానే వచ్చింది. దాన్ని కవరులో పెడుతుంటే మాత్రం ఆమెకి తన మీద తనకే చిరాకేసింది.

సోమవారం సాయంత్రం ఆస్పత్రిలో వీడ్కోలు. రోగులు కూర్చునే కుర్చీలన్నీ గోడవారకి జరిపారు. రుదైనానీ అబూ నిజార్‌నీ కూడా పిలిచారు. డాక్టరు షుక్రీ నాలుగు మాటలు చెప్పాడు. నాలుగూ బాగానే చెప్పాడు. ఇంతిసార్ లేకపోతే తన కళ్లజోడు ఎక్కడుందో తనకే తెలీదన్నాడు. మనిషి పిసినారి కాదు, ఆ మాట ఒప్పుకోవాలి.

"ఈసారి లీరాలు కాదు," అన్నాడు. "లీరా ఇస్తే బీరువాలో పెడతావు. అంతకన్నా పెద్దది ఇస్తున్నాను. మీ రబీహా అక్క దగ్గరికి నిన్ను రాణిలా పంపిస్తున్నాను."

కార్డులోని అంకె గట్టిగా చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కళ్లద్దాలు అమ్మే వాలిద్ ఈల కూడా వేశాడు. ఇంతిసార్ కార్డు రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. ఆ మొహంలో ఒక్క క్షణం ఏదో ఆరిపోవడం, మరుక్షణమే నవ్వు రావడం, రెండూ రుదైనా కంటపడ్డాయి.

"మా అక్క పేరు గుర్తుంది డాక్టర్ గారూ మీకు!" అంది ఇంతిసార్. ఆ మాటలో వెటకారం లేదు. ఆవిడ కళ్లు నిజంగానే తడిశాయి.

మంగళవారం మధ్యాహ్నం భోజనం వేళకి ఇంతిసార్ కింద ఆఫీసుకి వచ్చింది. పాస్‌పోర్టు ప్లాస్టిక్ కవర్లో, ఆ కవరు చేతిరుమాల్లో, రుమాలు సంచిలో. ఒక్కోటీ విప్పి బల్ల మీద పెట్టి, కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"చెప్పవే పిల్లా, ఎప్పుడు వెళ్లొచ్చు నేను?"

"తేదీ తర్వాత చూద్దాం పిన్నీ. ముందొకటి చెప్పాలి." రుదైనా కుర్చీ ముందుకి లాక్కుంది. "ఈ టిక్కెట్టుకి నువ్వు కొంత కట్టాలి."

"ఎంత? డాక్టరు గారు విమానాశ్రయం రుసుమేదో ఉంటుందన్నారు."

"రెండు వందల అరవై ఎనిమిది."

ఇంతిసార్ రుమాలు మడత పెట్టడం మొదలుపెట్టింది. మడత పెట్టింది, విప్పింది, మళ్లీ పెట్టింది.

"బహుమతికి రుసుమా?"

"విమానాల వాళ్ల లెక్క అంతే పిన్నీ. సీటుకి మాత్రమే మైళ్లు. మిగతాది డబ్బు."

"సరే. మరి ఈ బహుమతి లేకపోతే నాకెంతయ్యేది?"

రుదైనా తలెత్తి చూసింది. పదకొండేళ్లుగా ఈ కుర్చీలో కూర్చుంటున్నా, ఎదుటి కుర్చీలో కూర్చున్నవాళ్లు ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. అందరూ మైళ్లు ఎన్నొచ్చాయనే అడుగుతారు. అవి లేకపోతే తాము ఏం కొనేవాళ్లమో ఎవరూ అడగరు. అసలు లెక్కంతా ఉన్నది ఆ ప్రశ్నలోనే.

ఒక పాత ఫారం తిరగేసి, వెనక తెల్లవైపు రాయడం మొదలుపెట్టింది.

"నీ అంతట నువ్వే వెళ్లాలనుకుంటే ఏ సీటు కొంటావు? నిజం చెప్పు."

"వెనకాలదే. ఇంకేం కొంటాను?"

"నేరుగా వెళ్లే విమానం ఉంది. నాలుగు గంటల్లో దించేస్తుంది. రానూపోనూ రెండు వందల ముప్పై. సామాను ఎంత ఉంటుంది?"

"ఎండు పెరుగు ఉండలు, ఆలివ్ నూనె డబ్బా, పిల్లలకి బట్టలు. రెండు పెట్టెలవుతాయి."

"వెనక సీటుకి ఒక పెట్టే ఉచితం. రెండోదానికి పాతిక కట్టాలి. ముందు సీటు అయితే రెండూ ఉచితమే, ఆ మాట దాచకూడదు." రెండు అంకెలూ కింద కలిపింది. "రెండు వందల యాభై ఐదు."

కలం అక్కడే ఆగింది. మిగిలిన తీసివేత ఇంతిసార్ మనసులోనే చేసేసింది.

"అంటే బహుమతి పుచ్చుకుంటే నాకు పదమూడు దినార్లు చేతిచమురు."

"పైగా పదిహేడు గంటలు పిన్నీ. ముందు తూర్పుకి తీసుకెళ్లి, తర్వాత పడమటికి తెస్తారు."

"పడుకోబెట్టి."

"పడుకోబెట్టే."

"పరాయి మగాళ్ల మధ్య పడుకోవాలా నేను, ఈ వయసులో?"

ఇంతిసార్ నవ్వింది. పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. లోపల్నుంచి అబూ నిజార్ తలుపు సందులోంచి తొంగిచూసి, ఆడవాళ్ల గొడవ మనకెందుకని తలుపు వేసుకున్నాడు. నవ్వు ఆగాక ఆవిడ మొహం బాగా అలిసిపోయి కనిపించింది.

"ఒక లీరా ప్రయాణానికి, ఒకటి దాని కంటికి అనుకున్నానే," అంది మెల్లగా. "ప్రయాణం సంగతి ఎలాగో చూసుకుంటాను. మరి కన్ను?"

రుదైనా కలం పక్కన పెట్టేసింది. "ఆ కార్డు కొట్టింది నేనే పిన్నీ," అంది. "అంకె వేసేటప్పుడు నాకు తెలుసు. నోరు మూసుకున్నాను. ఇప్పుడే పైకెళ్లి డాక్టరు గారికి చెబుతాను, పద."

"కూర్చో." ఇంతిసార్ ఆమె మణికట్టు పట్టుకుంది. కంటి రెప్ప ఎత్తి పట్టుకునే వేళ్లవి, మెత్తగానే ఉన్నా వదలవు. "గురువారం దాకా ఎవరికీ చెప్పకు. ఆ విమానంలో నాకు వెనక సీటు చూడు. కిటికీ పక్కన."

డబ్బు సంచి అడుగు నుంచి తీసింది. అక్క మనవలకి బట్టలు కొనాలని దాచిన డబ్బు అది. రెండు వందల యాభై ఐదు లెక్కపెట్టి ఇచ్చింది. తర్వాత ఇంకో పదమూడు విడిగా తీసి, రుమాలు కొసన ముడేసుకుంది.

"అది దేనికి పిన్నీ?"

"బహుమతి వద్దనుకున్నందుకు మిగిలింది కదే. దానికో ఖర్చుంది."

గురువారం మధ్యాహ్నం టిక్కెట్టు కాగితాలు ఇవ్వడానికి రుదైనా మూడో అంతస్తుకి వెళ్లింది. మెట్ల దగ్గరే నెయ్యి వాసన తగిలింది. రోగులకి నంబర్లు ఇచ్చే బల్ల మీద పెద్ద అల్యూమినియం పళ్లెంలో కునాఫా మిఠాయి పొగలు కక్కుతోంది. పళ్లేనికి ఒక పక్క సొట్ట ఉంది. అంటే కొట్లోది కాదు, ఇంటి పళ్లెం. ఇంతిసార్ తెల్లకోటు వేసుకునే, సన్నటి చాకుతో చదరం చదరంగా కోస్తోంది. జున్ను తీగలు సాగుతుంటే చాకు కొసతో తెంచుతోంది. రెప్ప మీద కురుపు కోసేటప్పుడు ఆవిడ డాక్టరు పక్కన నిలబడే తీరు కూడా ఇదే. తొందరుండదు, చెయ్యి వణకదు.

వాలిద్ అప్పటికే రెండో ముక్క మీదున్నాడు. "ఏంటి పిన్నీ విశేషం?"

"హుల్వాన్," అంది ఇంతిసార్. శుభవార్త విన్నవాళ్లకి నోరు తీపి చెయ్యడం ఆ ఊళ్లో తప్పనిసరి. "డాక్టరు గారి బహుమతికి."

చప్పుడు విని డాక్టర్ షుక్రీ గదిలోంచి వచ్చాడు. నుదుటి మీద దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. ఆవిడ పెద్ద ముక్క కోసి ఆయన చేతిలో పెట్టింది.

"నీ చేతి వంటకి సాటి లేదు ఇంతిసార్. ఏ రోజుకి తీసుకున్నావు టిక్కెట్టు?"

"ఆదివారానికి. వెనక సీటు డాక్టర్ గారూ, నా డబ్బుతో. మీ బహుమతి పుచ్చుకుంటే నాకు పదమూడు దినార్లు ఎక్కువ ఖర్చవుతోంది. అందుకని పుచ్చుకోలేదు. మిగిలిన పదమూడు మీ పేరునే ఖర్చుపెడదామనిపించింది. నెయ్యి, జున్ను, సేమ్యా, అంతా కలిపి పదమూడే. తినండి."

ఆవిడ గొంతులో కోపం ఏమీ లేదు. వంటకం లెక్క చెబుతున్నట్టే చెప్పింది. వాలిద్ నమలడం ఆపేశాడు. కళ్లలో చుక్కలు వేయించుకుని తల వెనక్కి వాల్చిన ఇద్దరు రోగులు, కనబడకపోయినా తలలు ఇటు తిప్పారు.

డాక్టరు రుదైనా వైపు చూశాడు. "పద్దెనిమిది వందల నలభై అని రాశావు కదా నువ్వు!"

"రాశానండీ. రాయకుండా ఉండాల్సింది," అంది రుదైనా. నెలకి ఆరు వందల దినార్ల ఉద్యోగం కింది అంతస్తులో ఊగుతోంది. అయినా ఆపలేదు. "ఒక్క మాట అడుగుతాను డాక్టర్ గారూ. మైళ్లే లేవనుకోండి. పిన్నికి ఆ సీటు పద్దెనిమిది వందల నలభై ఇచ్చి కొనేవారా?"

అబద్ధమాడే మనిషి కాదాయన. ముక్క చేత్తో పట్టుకుని ఆలోచించాడు.

"కొనను," అన్నాడు.

"పిన్ని కొనదు. మీరూ కొనరు. అలాంటప్పుడు అది మీ ఇద్దరికీ ఖరీదు కాదండీ. విమానాల వాళ్లు పెట్టుకున్న అంకె, అంతే."

"సరే, ఆ రెండు వందల అరవై ఎనిమిదీ నేను కడతాను. అప్పుడు సరిపోతుందా?"

"అప్పుడు రెండు వందల అరవై ఎనిమిది పెట్టి, రెండు వందల యాభై ఐదు దినార్ల వస్తువు ఇచ్చినట్టు."

వెనక నుంచి ఒక రోగి కిసుక్కుమన్నాడు. డాక్టరు మొహం ఎర్రబడింది. ఆ ఉక్రోషంలో అనకూడని మాట నోరు జారింది.

"ఎలాగూ నెలాఖరుకి పోయేవే కదా అవి! పారబోసే బదులు ఎవరికైనా పనికొస్తాయని..."

అన్నాక అర్థమైంది ఆయనకి. నుదుటి మీద దీపం ఆర్పేసుకున్నాడు.

"తెలుసు డాక్టర్ గారూ," అంది ఇంతిసార్. "మీకొచ్చే ఉత్తరాలన్నీ ఇరవై నాలుగేళ్లుగా నేనే కదా చింపి బల్ల మీద పెడుతున్నాను. ఆ ఎర్రక్షరాలు మీకన్నా ముందు నేనే చూశాను. రేపటికి పులిసిపోయే పెరుగు పక్కింటికి ఇవ్వడం మాకూ అలవాటే, అందులో తప్పేం లేదు. కాకపోతే పెరుగని చెప్పి ఇస్తాం. బంగారమని చెప్పం."

చాకు కడిగి, తుడిచి, సొరుగులో పెట్టింది. తెల్లకోటు విప్పి మడిచి కుర్చీ మీద పెట్టింది. టిక్కెట్టు కాగితాలు సంచిలో వేసుకుని, అందరికీ సలాం చెప్పి మెట్లు దిగి వెళ్లిపోయింది. పళ్లెం అక్కడే వదిలేసింది. అందులో ఇంకా నాలుగు ముక్కలున్నాయి.

సెలవు రోజు శుక్రవారమంతా రుదైనా ఇంట్లో ఏ పనీ సరిగ్గా చెయ్యలేదు. శనివారం అబూ నిజార్ మొహం మాడ్చుకుని వచ్చాడు. సంగతి ఆయన చెవిన పడనే పడింది. "పాఠం చెప్పేశావన్నమాట," అని మాత్రం అన్నాడు. ఇంకా పెద్దది ఏదో అనబోతుండగా వీధి తలుపు తెరుచుకుంది.

డాక్టర్ షుక్రీ. చేతిలో పాత పేపర్లో చుట్టిన సొట్ట పళ్లెం. ఎప్పుడూ పైనుంచి ఫోన్ చేసే మనిషి ఈ ఆఫీసు గుమ్మం తొక్కడం రుదైనాకి గుర్తున్నంతలో ఇదే మొదలు. ఆయన ఇంతిసార్ కూర్చున్న కుర్చీలోనే కూర్చుని, పళ్లెం ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఈ వేళ వస్తుందా తను?"

"పెట్టెలకి చీటీలు తీసుకోవడానికి వస్తానంది. మధ్యాహ్నం."

"ఇది ఇచ్చెయ్యి." పళ్లెం బల్ల మీదికి జరిపాడు. "ఇరుగుపొరుగు వాళ్ల పళ్లెం ఖాళీగా పంపిస్తే మా అమ్మ ఒప్పుకునేది కాదు." లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. "ఒకటి చెప్పమ్మాయ్. నా మైళ్లన్నీ అంతేనా? ఇన్నేళ్లు, ఇన్ని ఊళ్లు తిరిగి... మా ఆవిడ బతికున్నప్పుడు, 'నువ్వింట్లో ఉన్నదెప్పుడు' అని నాతో పోట్లాడేది. మైళ్లొస్తున్నాయిలే, ఇద్దరం కలిసి ఎక్కడికైనా పోదాం అనేవాణ్ణి. మంచి ఖరీదు వచ్చేదాకా ఆగుదామని ఆగాను."

రుదైనాకి ఆయన మీద ఉన్న కోపం ఎటు పోయిందో తెలియలేదు. లెక్క అడిగితే తను చెప్పగలదు, ఏ ఊరికి ఎన్ని మైళ్లకి ఎంత గిట్టుతుందో. ఆయన అడుగుతున్నది ఆ లెక్క కాదు.

"అకబాలో ఉన్న మీ అబ్బాయి దగ్గరికి వెళ్లడానికి అవి అక్కర్లేదండీ," అంది చివరికి. "బస్సుంది."

డాక్టరు చిన్నగా నవ్వి, లేచి వెళ్లిపోయాడు. అబూ నిజార్ అప్పటిదాకా ఊపిరి బిగబట్టుకుని ఉన్నట్టున్నాడు, టీ తెప్పించమని కేకేశాడు.

మధ్యాహ్నం ఇంతిసార్ వచ్చింది. రుదైనా పళ్లెం చేతికిచ్చి ఎవరు తెచ్చారో చెప్పింది. ఆవిడ నిలబడే పేపరు విప్పింది. పళ్లెం తళతళలాడేలా తోమి ఉంది. మధ్యలో ఆస్పత్రి వాడే తెల్ల గాజుగుడ్డ మడత. విప్పితే రెండు బంగారు లీరాలు, వాటి పక్కన ఒక పది దినార్ల నోటు, ఒక అయిదు దినార్ల నోటు. కాగితం ముక్క మీద డాక్టరు చేతిరాత. మందుల చీటీలు చదివి చదివి ఆ రాత ఇంతిసార్‌కొక్కదానికే అర్థమవుతుంది.

"ఏం రాశారు పిన్నీ?"

"లీరాలు మా నాన్న ఆనవాయితీ, నావి కావు. డబ్బు నీ మిఠాయికి. చిల్లర లేదు, పైన రెండు దినార్లు ఉంచుకో, అని."

ఇంతిసార్ లీరాలు రెండూ అరచేతిలో పెట్టుకుని కిటికీ వెలుగులోకి పట్టింది. పెదవులు కదిలాయి. అక్క పేరే అయి ఉంటుంది. తర్వాత వాటిని రుమాల్లో, రుమాలు పాస్‌పోర్టు కవర్లో, కవరు సంచిలో పెట్టుకుంది. నోట్లు రెండూ మాత్రం గాజుగుడ్డలో యథాప్రకారం మడిచి, రుదైనా ముందుకి జరిపింది.

"ఇవి పైకి పంపించెయ్యవే తల్లీ."

"తీసుకో పిన్నీ. పిల్లల బట్టలకైనా వస్తాయి."

"బంగారం నాకు రావాల్సిందే, తీసుకున్నాను. ఇది వేరు." ఇంతిసార్ సంచి భుజానికి తగిలించుకుని, ఖాళీ పళ్లెం చంకలో పెట్టుకుంది. "నేను ప్రేమగా పెట్టిందానికి ఖరీదు కట్టొద్దని చెప్పు ఆయనకి."